తండ్రి పేరు దగ్గర ఖాళీ గడి

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ. పెళ్లయ్యాక పదేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్నాను. మావారు ఇక్కడివాళ్లే. మా పాపకి ఎనిమిదేళ్లు. స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారు. మా వైపుది మా నాన్నగారు ఫోన్లోనే ఏడు తరాలు గడగడా చెప్పేశారు. మామగారి వైపు మాత్రం ముత్తాత దగ్గరే ఆగిపోయింది. వాళ్ల ఇంటిపేరు మెకాయ్. ఆ ముత్తాత 1850 ప్రాంతంలో స్కాట్లండ్ ఉత్తరాన సదర్లండ్‌లోని ఫార్‌లో పుట్టి, గ్లాస్గో పక్కన గోవన్‌కి ఓడల పనికి వచ్చాడట. నెట్లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో ఆయన మెకాయ్ క్లాన్ (తెగ) నాయకుడు లార్డ్ రే వంశస్థుడని ఉంది. మామగారు సంబరపడిపోయి 'ఫ్యామిలీ కోట్ ఆఫ్ ఆర్మ్స్' (వంశ చిహ్నం) అని ఒక ఫ్రేము ఆర్డర్ పెట్టారు. ఇది నిజమేనా? ఇంకో సంగతి. ఆయన నాయనమ్మ 1887లో అబర్దీన్‌షైర్‌లో, టరిఫ్ దగ్గర పుట్టింది. జనన రికార్డు తీసి చూస్తే తండ్రి పేరు లేదు, ఆమె పేరు కింద 'ఇల్లెజిటిమేట్', అంటే పెళ్లికాని తల్లి బిడ్డ అని రాసి ఉంది. కానీ 1909లో ఆమె పెళ్లి రికార్డులో తండ్రి పేరు ఉంది. వేరే ఇంటిపేరు, పొలం పనివాడు అని. మామగారికి డెబ్బై తొమ్మిదేళ్లు. నాయనమ్మ అంటే ఆయనకి ప్రాణం. ఈ మాట చెప్పాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. అసలు ఈ వెతుకులాట ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది?

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నా, నా మనసు ఆ నాయనమ్మ దగ్గరే ఆగింది. ఆమె గురించే ఎక్కువ రాస్తాను. ముందు ఆ ఫ్రేము సంగతి తేల్చేద్దాం.

ఫ్రేము ఇంకా ఇంటికి రాకపోతే ఆర్డర్ రద్దు చేయించండి. స్కాట్లండ్ చట్టంలో 'ఫ్యామిలీ కోట్ ఆఫ్ ఆర్మ్స్' అనేదే లేదు. ఆ చిహ్నం ఒక మనిషికి ఇచ్చేది. ఆయన తర్వాత వారసుడికి వెళ్తుంది. ఇంటిపేరు కలిసిన వాళ్లందరిదీ కాదు. ఎవరికి ఏది ఉందో ఎడింబరాలో ఈ చిహ్నాల సంగతి చూసే లార్డ్ లయన్ కోర్టు రిజిస్టర్లో రాసి ఉంటుంది. 1672 నాటి చట్టంతో మొదలైన ఆ రిజిస్టరు ఇప్పటికీ నడుస్తోంది. అనుమతి లేకుండా ఇంకొకరి చిహ్నాన్ని తనదని వాడుకోవడం ఇక్కడ నేరం కూడా. మామగారికి అంత ముచ్చటగా ఉంటే క్లాన్ వాళ్లు పెట్టుకునే క్రెస్ట్ బ్యాడ్జి కొనివ్వండి. చుట్టూ బెల్టు, బకిల్ ఉంటుంది. అది నాయకుడి మనిషిని అని చెప్పే గుర్తు, నేనే నాయకుణ్ణి అని చెప్పేది కాదు. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు.

లార్డ్ రే వంశం మాట కూడా అలాంటిదే. మన దగ్గర ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా జమీందారు గారి మనవలు కారు కదా. క్లాన్ పేరు కూడా అంతే. నాయకుడి నేల మీద బతికినవాళ్లు, ఆయన వెంట యుద్ధానికి వెళ్లినవాళ్లు, ఆయన నీడన చేరినవాళ్లు, అందరూ ఆ పేరు పెట్టుకున్నారు. ఒక్కో క్లాన్‌కి ఒక్కో టార్టాన్ (గళ్ల బట్ట) అనే లెక్క కూడా చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడిందే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరా వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి చేయించిన ఆర్భాటం తర్వాత అది బాగా పుంజుకుంది. నెట్లో ఆ వంశవృక్షం పెట్టిన ఆయన మంచి మనసుతోనే పెట్టి ఉండొచ్చు. కానీ ప్రతి పేరు పక్కనా 'ఇది ఏ రికార్డులో ఉంది?' అని అడగండి. జవాబు లేని చోట ఆ కొమ్మ తుంచేయండి.

ఇక మొదలు ఎక్కడ అంటారా, మామగారి దగ్గర. కంప్యూటరు తెరవకముందే ఒక ఆదివారం టీ పెట్టి, ఆయన పక్కన కూర్చుని, ఫోన్లో రికార్డింగ్ పెట్టి మాట్లాడించండి. ఎవరు ఎప్పుడు పుట్టారని అడిగితే 'గుర్తు లేదమ్మా' అంటారు. నాయనమ్మ చేతి వంట ఏది ఇష్టం, ఇంటికి ఎవరెవరు వచ్చేవారు, ఆవిడ మాట ఎలా ఉండేది అని అడగండి. టరిఫ్ వైపు వాళ్ల యాసని డోరిక్ అంటారు. 'ఎలా ఉన్నావు' అనడానికి 'ఫిట్ లైక్' అంటారు. గ్లాస్గోలో పెరిగిన పిల్లాడికి ఆ మాట తప్పకుండా చెవిలో ఉండిపోతుంది. ఇంట్లో పాత బైబిల్ ఉంటే మొదటి పేజీ చూడండి. పుట్టిన తేదీలు అందులో రాసుకునేవారు. ఫోటోల వెనకవైపు కూడా చూడండి.

తర్వాత కాగితాలు. ఈ దేశంలో ఒక అదృష్టం ఉంది. ప్రభుత్వ రికార్డులన్నీ దాదాపు ఒకేచోట దొరుకుతాయి. స్కాట్లండ్స్‌పీపుల్ అనే వెబ్‌సైటు. నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్ వాళ్లదే. పేర్లు వెతకడానికి చాలావరకు డబ్బు కట్టక్కర్లేదు. అసలు పేజీ ఫోటో తెరవాలంటే క్రెడిట్లు కొనాలి. నేను వాడిన ధరల ప్రకారం ఒక జనన, పెళ్లి, మరణ రికార్డుకి ఆరు క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. పది రికార్డులు తెరిస్తే పదిహేను పౌండ్లు. ఆత్రంగా దొరికిన ప్రతి జాన్ మెకాయ్‌నీ తెరిస్తే మాత్రం చేతి చమురు వదులుతుంది. ఎక్కువ రికార్డులు చూడాల్సి వస్తే రోజు టికెట్ తీసుకోవడం మేలు. ఎడింబరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర, గుర్రం మీద వెల్లింగ్టన్ విగ్రహం ఉంటుంది చూడండి, దాని వెనక భవనమే జనరల్ రిజిస్టర్ హౌస్. అక్కడ రోజంతా కూర్చుని ఎన్ని పేజీలైనా చూడొచ్చు. మీకు గ్లాస్గోలోనే మిచెల్ లైబ్రరీలో కూడా ఆ సదుపాయం ఉంది.

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చూడాలంటే ఒక లెక్క ఉంది. జననమైతే వందేళ్లు, పెళ్లయితే డెబ్బై అయిదేళ్లు, మరణమైతే యాభై ఏళ్లు దాటి ఉండాలి. నాయనమ్మ 1950ల్లో పోయి ఉంటే మూడూ అందుతాయి. జనాభా లెక్కలు 1841 నుంచి 1921 దాకా పదేళ్లకొకటి చొప్పున తెరిచి ఉన్నాయి. వందేళ్లు దాటితేగాని తెరవరు కాబట్టి 1931ది 2032లో వస్తుంది. ఇంగ్లండ్ వాళ్ల 1931 కాగితాలు మంటల్లో కాలిపోయాయి. స్కాట్లండ్‌వి భద్రంగా ఉన్నాయి.

ఇక్కడి రికార్డుల్లో మనకి ఆశ్చర్యం కలిగించే సంగతులు రెండు. ఒకటి, జనన రికార్డులో తేదీ కింద గంట, నిమిషాలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో కవలలకి తప్ప మామూలుగా అది రాయరు. నాయనమ్మ పుట్టిన టైము మీ దగ్గర ఇప్పటికే ఉంది, మీరు గమనించారో లేదో. మీ అమ్మగారికి చెప్పండి, జాతకం వేయించేస్తారు. రెండోది, ఆడవాళ్ల పుట్టింటి పేరు. పెళ్లయినా, ముగ్గురు పిల్లల తల్లయినా, చచ్చిపోయినా, స్కాట్లండ్ కాగితాల్లో ఆడమనిషి పుట్టింటి పేరు పోదు. మరణ రికార్డులో అయితే చనిపోయిన మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటి పేరు, అన్నీ ఉంటాయి. సమాధి రాళ్ల మీద కూడా ఆమె పుట్టింటి పేరే చెక్కి, కింద 'ఫలానా వాడి భార్య' అని రాస్తారు. అందుకే నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను. స్కాట్లండ్‌లో దారి తప్పితే తల్లి వైపు తిరగండి.

మెకాయ్ ముత్తాతకి ఇది ఎలా పనికొస్తుందో చూడండి. ప్రభుత్వ రిజిస్టర్లు మొదలైంది 1855 జనవరి 1న. ఆయన 1850 ప్రాంతంలో పుట్టాడు కాబట్టి జననం అందులో దొరకదు. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లే. వాటిలో వెతికినా దొరక్కపోవచ్చు, కంగారు పడకండి. 1843లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ రెండుగా చీలింది. సదర్లండ్‌లో జనం చాలావరకు కొత్తగా పుట్టిన ఫ్రీ చర్చి వైపు వెళ్లిపోయారు. అక్కడ బాప్టిజం అయిన పిల్లలు పాత రిజిస్టర్లో కనబడరు. మరేం చేయాలి? గోవన్‌లో ఆయన మరణ రికార్డు తీయండి. అందులో తల్లిదండ్రుల పేర్లు వస్తాయి. ఆ తల్లిదండ్రులు ఫార్‌లో 1855 తర్వాత పోయి ఉంటే వాళ్ల మరణ రికార్డుల్లో వాళ్ల తల్లిదండ్రులు వస్తారు. అంటే 18వ శతాబ్దం చివర పుట్టినవాళ్ల దాకా, చర్చి రిజిస్టరు ముట్టుకోకుండానే వెళ్లిపోవచ్చు. ఆ ముసలివాళ్ల మరణాలే మనకి వంతెన.

ఒక జాగ్రత్త. చనిపోయిన మనిషి తన తల్లి పేరు తను చెప్పలేదు కదా. చెప్పింది అల్లుడో పక్కింటాయనో అయి ఉంటాడు. కింద సంతకం ఎవరిదో చూడండి. కొడుకు చెబితే ఒక నమ్మకం, ఇల్లు అద్దెకిచ్చిన ఆయన చెబితే ఇంకో నమ్మకం.

ఇంకో కిటుకు చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. 1855 ఒక్క సంవత్సరం గుమాస్తాలు విపరీతంగా వివరాలు రాశారు. ఆ ఏడాది పుట్టిన బిడ్డ రికార్డులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, ఎప్పుడు ఎక్కడ పెళ్లయింది, అంతకు ముందు ఎంతమంది పిల్లలు, వాళ్లలో ఎంతమంది బతికున్నారు, అన్నీ ఉంటాయి. అంత రాయడం రిజిస్ట్రార్ల వల్ల కాక మరుసటి ఏడాదే చాలా గడులు తీసేశారు. మీ ముత్తాతకి 1855లో పుట్టిన తమ్ముడో చెల్లెలో ఉన్నారేమో వెతకండి. ఉంటే ఆ ఒక్క కాగితం ఇంటిల్లిపాది కథా చెబుతుంది.

ఫార్‌లో మీకొచ్చే అసలు కష్టం ఒకే పేరున్న మనుషులు. అది మెకాయ్‌ల గడ్డ. డొనాల్డ్ మెకాయ్, జాన్ మెకాయ్, విలియం మెకాయ్ ఎక్కడ చూసినా వాళ్లే. అందుకు కారణం మనకి కొత్తేమీ కాదు, తాత పేరు మనవడికి పెట్టడమే. ఇక్కడ పాత ఆనవాయితీ ప్రకారం మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు, మూడోదానికి తల్లి పేరు. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టేవారు. కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు డొనాల్డ్‌లు కనబడితే తప్పు అనుకోకండి. ఈ ఆనవాయితీ దారి చూపిస్తుంది, అంతే. రుజువు కాదు. బకీ, పోర్ట్‌నాకీ లాంటి తూర్పుతీరపు జాలర్ల ఊళ్లలో అయితే పేర్లు మరీ కలిసిపోయి, 'టీ నేమ్' అని ఒక మారుపేరు తగిలించి పిలిచేవారు. రిజిస్టర్లలో కూడా అది రాసేవారు. మన పల్లెల్లో ఒకే పేరున్న వాళ్లకి తలా ఒక మారుపేరు ఉండదూ, అలాగే.

నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒకే ఊళ్లో, ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు జేమ్స్‌లలో తప్పు జేమ్స్ వెంట పడ్డాను. మూడు నెలలు అతని తాతల్ని పట్టుకుని తిరిగాను. చివరికి అతను మూడేళ్లకే చనిపోయిన రికార్డు కనబడింది. చనిపోయిన బిడ్డకి మనవలెలా ఉంటారు? అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పుట్టుక దొరికిన వెంటనే ఆ పేరుతో పసితనంలో మరణం ఉందేమో చూడనిదే ముందుకి కదలను. మీరూ అలాగే చేయండి.

ఫార్ పారిష్, అంటే ఫార్ చర్చి కింద ఉన్న ఊళ్ల గురించి తెలుసుకుంటే మామగారికి లార్డ్ రే అవసరం ఉండదు. స్ట్రాత్‌నేవర్ అనే పొడుగాటి లోయ అందులోనే ఉంది. 1814లో, మళ్లీ 1819లో సదర్లండ్ ఎస్టేటు వాళ్లు గొర్రెల మేత కోసం ఆ లోయలో కాపురాల్ని లేపేశారు. ఇళ్ల కప్పులు తగలబెట్టారు. ఎస్టేటు ఉద్యోగి పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. జనాన్ని సముద్రపు ఒడ్డుకి తోశారు. అక్కడ వెలిసిన ఊరు బెట్టీహిల్. ఆ పేరు కూడా ఎస్టేటు యజమానురాలు కౌంటెస్ ఎలిజబెత్‌దే అంటారు. ఊళ్లో పాత చర్చిలో ఇప్పుడు స్ట్రాత్‌నేవర్ మ్యూజియం ఉంది. లోయలో రోసల్ అనే పాడుపడ్డ పల్లెలో గోడల అడుగులు ఇప్పటికీ గడ్డిలో కనబడతాయి. మామగారి ముత్తాత తాతలు ఆ గోడల మధ్య పుట్టినవాళ్లో కాదో కాగితాలే చెప్పాలి. అయితే 1780ల్లో ఫార్‌లో పుట్టిన మెకాయ్ అంటే అది చాలా దగ్గరి మాట.

అక్కడి బతుకు ఎలా ఉండేదో చదవాలంటే 'స్టాటిస్టికల్ అకౌంట్' చూడండి. 1790ల్లో కేత్‌నెస్‌కి చెందిన సర్ జాన్ సింక్లెయిర్ దేశంలోని పారిష్ చర్చి పాస్టర్లందరికీ 160 ప్రశ్నలు రాసి పంపాడు. ఏం పండుతుంది, కూలి ఎంత, ఏ భాష మాట్లాడతారు, ఎంతమంది వలస పోయారు అని. ఆ జవాబులు 21 సంపుటాలయ్యాయి. కాస్త అటూ ఇటూగా అదే రోజుల్లో, స్కాట్లండ్ పడమటి దీవుల్లో స్టోర్నవేలో పుట్టిన కాలిన్ మెకెంజీ, కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫీయతులు రాయించాడు. మీ విజయవాడ చుట్టుపక్కల ఊళ్ల కథలు కొన్ని మనకి మిగిలాయంటే ఆ పని వల్లే. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఊరిని గురించి అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది. పాత మ్యాపులకి నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైటు ఉంది, ఉచితం. 19వ శతాబ్దపు ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులో ఒక్కో ఇల్లు కూడా కనబడుతుంది.

ఇప్పుడు నాయనమ్మ.

ముందు ఆ 'ఇల్లెజిటిమేట్' అనే మాట బరువు కొంచెం దించుకుందాం. 1887లో టరిఫ్ చుట్టూ ఉన్నవి పెద్ద పొలాలు. పెళ్లికాని పనివాళ్లని ఆరు నెలల లెక్కన, మేలోనూ నవంబరులోనూ జరిగే సంతల్లో కుదుర్చుకునేవారు. ఆరు నెలలు ఒక పొలంలో, తర్వాత ఇంకో పొలంలో. మగవాళ్లు గుర్రపుసాల పక్కన 'చామర్' అనే గదిలో పడుకునేవారు. ఆడపిల్లలు ఆ పొలం ఇంట్లోనే వంటపనికీ పాల పనికీ ఉండేవారు. పెళ్లి చేసుకోవాలంటే కాపురం పెట్టడానికి ఇల్లు కావాలి. ఇళ్లు తక్కువ, ఇచ్చేది రైతు. ప్రేమించుకున్నా కాపురం పెట్టే దారి లేని వాళ్లు ఎందరో. పెళ్లికి ముందు పుట్టే పిల్లలు స్కాట్లండ్ మొత్తం మీద ఈ ఈశాన్య జిల్లాల్లోనే ఎక్కువని ఆనాటి ప్రభుత్వ నివేదికలే చెప్పాయి. చాలామంది అమ్మాయిలు బిడ్డని తల్లిదండ్రుల దగ్గర వదిలి మళ్లీ పనికి వెళ్లేవారు. అమ్మమ్మ, తాతయ్య పెంచేవారు. మీరు 1891 జనాభా లెక్కలు తెరిచి చూడండి. మూడు, నాలుగేళ్ల పిల్ల ఒక ముసలి జంట ఇంట్లో 'మనవరాలు' అని కనబడుతుందని నా అంచనా. 1901లో పదమూడేళ్ల వయసుకి ఆమె కూడా ఏదో పొలం ఇంట్లో పనికి కుదిరి ఉండొచ్చు.

తండ్రి పేరు ఎందుకు లేదు? ఆమె తల్లికి తెలియక కాదు. అప్పటి చట్టం ప్రకారం పెళ్లికాని తల్లి బిడ్డకి తండ్రి పేరు రాయాలంటే, ఆయన కూడా రిజిస్ట్రార్ ముందుకు వచ్చి ఆమెతో పాటు సంతకం పెట్టాలి. రాకపోతే గడి ఖాళీ. ఆమె నోటితో చెప్పినా రాయకూడదు. ఆ ఖాళీ గడి ఆమె మౌనం కాదు, ఆయన రాకపోవడం.

ఇప్పుడు ఆ పేజీ మళ్లీ తెరిచి మార్జిన్ చూడండి. అక్కడ చిన్న అక్షరాలతో ఒక నోటు, నంబరు ఉన్నాయా? ఉంటే అది 'రిజిస్టర్ ఆఫ్ కరెక్టెడ్ ఎంట్రీస్'కి, అంటే తర్వాత చేసిన దిద్దుబాట్లు రాసిన పుస్తకానికి దారి. నేను ఎడింబరాలో మా పక్కింటి పెద్దావిడతో కలిసి ఒకసారి ఇలాంటి పేజీ తెరిచాను. జనన రిజిస్టర్లో పేజీకి ముగ్గురు పిల్లలుంటారు. పైన ఒక గొర్రెల కాపరి కొడుకు, కింద ఒక బడిపంతులు కూతురు, మధ్యలో ఆ పెద్దావిడ తాత, ఆయన తండ్రి గడి ఖాళీ. తల్లి సంతకం చోట అడ్డంగా నిలువుగా రెండు గీతలు, అటూ ఇటూ 'ఆమె గుర్తు' అని రిజిస్ట్రార్ రాత. చదువు రాని మనిషి. మార్జిన్‌లో నోటు ఉంది. ఆ నంబరు పట్టుకుని రెండో పేజీ తెరిస్తే షెరిఫ్ కోర్టు (స్థానిక కోర్టు) తీర్పు. ఫలానా దున్నేవాడు ఈ బిడ్డకి తండ్రి అని తేల్చినట్టు, తేదీతో సహా. ఆవిడ ఎనభై ఏళ్ల మనిషి. తెర మీద ఆ గుర్తు దగ్గర వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. 'సంతకం రాని పిల్ల కోర్టుకెక్కిందా!' అని మాత్రం అన్నారు. ఇంటికొచ్చేదాకా బస్సులో మళ్లీ మాట్లాడలేదు. మరుసటి రోజు పొద్దున్నే తలుపు తట్టి, ఆ పేజీ ఇంకో కాపీ కావాలి, మా చెల్లెలికి పంపాలి అన్నారు.

మార్జిన్‌లో ఏమీ లేకపోయినా దారులున్నాయి. కోర్టుకి వెళ్లిన ప్రతి కేసూ రిజిస్టర్లోకి ఎక్కలేదు. అబర్దీన్, బాన్ఫ్ షెరిఫ్ కోర్టుల పాత కాగితాలు ఎడింబరాలో నేషనల్ రికార్డ్స్‌లో ఉంటాయి. బిడ్డ పోషణ ఖర్చు కోసం వేసిన దావాలు వాటిలో వెతకాలి. ఆ పారిష్ చర్చి పెద్దల మినిట్సు, అంటే కిర్క్ సెషన్ రికార్డులు, 1900 ప్రాంతం దాకా స్కాట్లండ్స్‌పీపుల్‌లో చాలావరకు పెట్టారు, చూడటం ఉచితం. కాకపోతే పేరుతో వెతకడం కుదరదు, పేజీ పేజీ తిప్పాలి. బాప్టిజం ఇవ్వాలంటే తండ్రి ఎవరని చర్చి పెద్దలు అడిగేవారు, ఆమె చెప్పింది రాసుకునేవారు. 1887 జననం కాబట్టి ఆ ఏడాది, తర్వాతి ఏడాది మినిట్సు చదివితే చాలు. చేతిరాత మొదటి రెండు పేజీలు చుక్కలు చూపిస్తుంది. మూడో పేజీకి కన్ను అలవాటు పడుతుంది. పేదల సాయం రికార్డులు కూడా ఉన్నాయి. అబర్దీన్‌లోని ఆర్కైవ్స్‌ని ఆ పారిష్‌వి ఏమున్నాయో మెయిల్లో అడగండి.

1909 పెళ్లి రికార్డులో కనబడిన పేరుని వెంటనే నమ్మకండి, కొట్టిపారేయకండి. తండ్రి లేడని పెళ్లినాడు రాయించడం ఇష్టం లేక కొందరు అమ్మాయిలు తాత పేరో, మారుతండ్రి పేరో, కల్పించిన పేరో చెప్పేవారు. అయితే తాత పేరయితే ఇంటిపేరు ఆమెదే అయ్యేది. మీరు వేరే ఇంటిపేరు అంటున్నారు. కాబట్టి రెండు దారులు. ఒకటి, తల్లి తర్వాత ఎవరినైనా పెళ్లి చేసుకుందేమో చూడండి. ఆ మగమనిషి ఇంటిపేరు ఇదే అయితే ఆయన మారుతండ్రి కావచ్చు, లేదా ఆలస్యంగా పెళ్లి చేసుకున్న అసలు తండ్రే కావచ్చు. అప్పటి స్కాట్లండ్ చట్టంలో, అంతకు ముందు పెళ్లి చేసుకోవడానికి అడ్డేమీ లేని తల్లిదండ్రులు తర్వాత పెళ్లాడితే బిడ్డ సక్రమ సంతానం అయిపోయేది. రెండు, తల్లికి పెళ్లి లేకపోతే, ఆ పేరున్న పొలం పనివాడు 1881లో, 1891లో టరిఫ్ చుట్టుపక్కల ఉన్నాడేమో జనాభా లెక్కల్లో చూడండి. నాయనమ్మ పేరు మధ్యలో ఇంకో ఇంటిపేరు ఇరికించి ఉందా? కొందరు తల్లులు రిజిస్ట్రార్ రాయనివ్వని పేరుని బిడ్డ పేరు మధ్యలో దాచిపెట్టారు. ఆమె మరణ రికార్డులో తండ్రి గడిలో ఏం రాశారో కూడా చూడండి. రాయించింది బహుశా మామగారి నాన్నగారే అయి ఉంటారు. ఆయనకి ఏం తెలుసో అందులో తెలుస్తుంది.

డీఎన్ఏ పరీక్షతో దొరకదా అని మీవారు అడగొచ్చు. దొరకొచ్చు. కానీ కాగితాలన్నీ అయ్యాకే, అదీ మామగారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. ఆ లాలాజలం ఆయనది. అందులోంచి ఎవరు బయటపడతారో ముందు తెలియదు.

మామగారికి చెప్పాలా అంటే, చెప్పాలి అంటాను. కానీ ఇలా కాదు, ఇప్పుడే కాదు. ముందు మీవారికి చూపించండి. తన తండ్రి ఏది ఎలా తట్టుకుంటారో ఆయనకి తెలుస్తుంది. కోడలి నోట మొదటిసారి వినడం కంటే కొడుకు పక్కన కూర్చుని చూడటం ఆయనకి తేలిక. తర్వాత, మీరు మొదట మాట్లాడించిన ఆ ఆదివారం రికార్డింగులోనే ఒక చిన్న ప్రశ్న వేయండి: 'నాయనమ్మ వాళ్ల నాన్నగారి గురించి ఎప్పుడైనా చెప్పేదా?' నా అనుభవంలో పదిమందిలో చాలామంది పెద్దవాళ్లు అప్పటికే ఏదో విని ఉంటారు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పి ఉండరు. ఆయన మాట మార్చేస్తే ఆ రోజుకి వదిలేయండి. తెలుసుకోవాలా వద్దా అన్నది ఆయన హక్కు. ఆయన బతికుండగా ఆ పేరు నెట్లో వంశవృక్షంలో పెట్టకండి.

ఆయన వింటానంటే మాత్రం ఖాళీ గడితో మొదలుపెట్టకండి. 1891లో ఆమెని పెంచిన అమ్మమ్మ, తాతయ్యల పేర్లతో మొదలుపెట్టండి. ఆ తర్వాత పదమూడేళ్లకి పని. ఆ తర్వాత తెలిసినవాళ్లు లేని గోవన్‌కి ప్రయాణం. 1911 జనాభా లెక్కల్లో పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని కూడా అడిగారు. అది కూడా చూపించండి. అవన్నీ చూశాక గడి ఎందుకు ఖాళీగా ఉందో చెబితే, ఆయనకి కనబడేది తన నాయనమ్మ. ముద్ర వేసిన మాట కాదు.

మన ఊళ్లలో ఒకప్పుడు వంశం చెప్పడానికి మనుషులు ఇంటికొచ్చేవారు. వంశరాజులు రెడ్ల ఇళ్ల ముందు నిలబడి గోత్రం నుంచి మొదలుపెట్టి పాడేవారు. స్కాట్లండ్ ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో క్లాన్ నాయకుల దగ్గర షానకీలు అదే పని చేసేవారు. ఆ పాటల్లో ఉన్నది ఎక్కువగా మగవాళ్ల పేర్లు, పెద్దింటి పేర్లు. టరిఫ్ పొలంలో పాలు పితికిన పిల్ల వాటిలో లేదు. ఆమె ఉన్నది ఒక్క ప్రభుత్వ రిజిస్టర్లో, తేదీ, గంట, నిమిషాలతో.

పాప ప్రాజెక్టులో ఆ గడి ఖాళీగానే ఉంచండి, పెన్సిలుతో గీసి. పైన తాతగారి నాయనమ్మ పేరు, ఆమె తల్లి పేరు ఇంకుతో రాయించండి. ప్రాజెక్టు గడువు దాటినా వెతకడం ఆపకండి.

ఒక పని మాత్రం వెంటనే చేయండి. 1909 పెళ్లి రికార్డులో కింద ఇద్దరు సాక్షుల పేర్లుంటాయి. మీరు ఉత్తరంలో అవి రాయలేదు. ఆ ఇద్దరిలో ఎవరికైనా రికార్డులో కనబడే తండ్రి ఇంటిపేరే ఉంటే, తండ్రి వైపు బంధువులు ఆ పెళ్లికి వచ్చారన్నమాట. అది చూసి నాకు రాయండి, అక్కణ్ణించి కలిసి వెతుకుదాం.